మైకు బావ గొంతు

మా బావ గొంతు తీసేసే ఆపరేషన్ ఇంకో వారం దూరంలోకి వచ్చేసింది. ఆ రోజు పొద్దున్న ఆయన లాప్‌టాప్ తెరిస్తే, తెర మీద "నమస్కారం, మీ కోసం అన్నీ సిద్ధం చేస్తున్నాం" అని వచ్చింది. కొత్త మనిషికి చెప్పే పలకరింపు అది. ముందు రోజంతా ఆయన కూర్చుని చదివి రికార్డు చేసిన వాక్యాల్లో ఒక్కటీ లేదు. పెద్దవి చేసుకున్న అక్షరాలు మళ్ళీ చీమ తలకాయలంత అయ్యాయి. తెలుగు కీబోర్డు పోయింది. తెర వెనక పెట్టుకున్న పాత బస్టాండు ఫోటో పోయి, దాని స్థానంలో ఎక్కడిదో కొండ, ఎక్కడిదో సరస్సు వచ్చి కూర్చున్నాయి. అక్క నాకు ఫోన్ చేసింది.

"ఒసేయ్, ఆ దిక్కుమాలిన పెట్టె మీ బావను మర్చిపోయిందే. తొందరగా రా."

లాప్‌టాప్‌లు బాగుచేయడమే నా బతుకుతెరువు. మర్చిపోయింది, మొండికేసింది, అలిగింది అంటూ వాటిని చంటిపిల్లల్లా చంకలో వేసుకుని జనం రోజూ నా కొట్టుకు వస్తూనే ఉంటారు. ఎవరికైనా రేపు రండి అనేదే నా మొదటి జవాబు. ఆ రోజు మాత్రం విప్పిన లాప్‌టాప్‌ను బల్ల మీద అలాగే వదిలి, షట్టర్ దించి పరిగెత్తాను.

మా బావను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. బస్టాండులో మైకు దగ్గర కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకని ఊరికంతా మైకాయన, నాకు మైకు బావ. ఆ గొంతు లావుదీ కాదు, హోరెత్తించేదీ కాదు. అంత జనంలో, అన్ని హారన్ల మధ్య, నీ ఒక్కదాని పక్కనే నిలబడి చెబుతున్నట్టు వినిపించేది. తప్పిపోయిన పిల్లల్ని తెచ్చి ఆయన గది అద్దం బయట నిలబెడితే, పిల్ల ఏ రంగు గౌను వేసుకుందో ఆయన మైకులో చెబుతూ ఉండగానే ఏడుపు మానేసి నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. ఇంట్లోనూ అదే తంతు. "శ్రీమతిగారు ఎక్కడున్నా వెంటనే హాల్లోకి రావలెను, వారి కోసం వారి కళ్ళజోడు ఎదురుచూస్తున్నది" అని పడక్కుర్చీలోంచి ప్రకటించేవాడు. అక్క విసుక్కుంటూ వచ్చేది. ఆ విసుగులో సగం మురిపెమేనని నాకు చిన్నప్పుడే తెలుసు.

ఆ పనిలో ఆయనకు రెండు పట్టింపులుండేవి. ఎర్ర బల్బు వెలిగితే గది తలుపు మూసుకోవాల్సిందే, లోపల ఇంకో ప్రాణి ఉండకూడదు. స్టేషన్ మేనేజరైనా సరే, బయట నిలబడాల్సిందే. ఇక రెండోది, డ్యూటీ దిగేటప్పుడు తను చెప్పిన మాట ఒక్కటి కూడా యంత్రంలో మిగలకూడదు. ఎప్పుడో ఒకసారి, ముందు రోజు రికార్డు చేసి పెట్టిన ప్రకటన మర్నాడు దానంతట అదే మోగింది. ఒక బస్సు జనం అంతా వేరే ప్లాట్‌ఫాం మీద నిలబడి, వాళ్ళ బస్సు వెళ్ళిపోతుంటే సామాన్లతో వెనకాల పరుగెత్తారు. ఆ పరుగులో ఒక ముసలాయన పడిపోయి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తప్పు బావది కాదు, అంతకు ముందు షిఫ్టు వాడిది. అయినా బావ ఆసుపత్రికి వెళ్ళి ఆ ముసలాయన మంచం పక్కన కూర్చుని వచ్చాడు. ఆ రోజు నుంచి నిన్నటి మాట అంటే ఆయనకు పామును చూసినట్టే.

ఆయన రిటైరయ్యేనాటికి బస్టాండులో కొత్త యంత్రం వచ్చింది. అది మనిషి లేకుండానే మాట్లాడుతుంది. పాత మైకు, దాని లాప్‌టాప్ ఇక ఎవరికీ అక్కర్లేక, వాటిని అట్టపెట్టెలో సర్ది, రంగు కాగితం చుట్టి, చప్పట్ల మధ్య బావ చేతిలో పెట్టారు. బావ పొంగిపోయాడు. ఇంట్లో వెనక గదిని ఖాళీ చేసి, మైకు బిగించి, గుమ్మం మీద ఒక ఎర్ర బల్బు కూడా పెట్టించాడు. "ఎవరికి చెబుతావు బావా బస్సుల సంగతి, బల్లులకా?" అని నేను ఏడిపిస్తే, "వాటికి మాత్రం ఊళ్ళుండవా మరదలు పిల్లా?" అన్నాడు. అప్పటికే ఆ గొంతులో చిన్న బొంగురు ఉంది. జలుబే అనుకున్నాం.

అది జలుబు కాదు. గొంతుపెట్టె మీద గడ్డ. దాన్ని మిగల్చకుండా తీసేయాలని, తీసేశాక ఊపిరి మెడ మీది రంధ్రంలోంచి ఆడుతుందని, మాట మాత్రం ఉండదని డాక్టరు నిదానంగా చెప్పింది. అక్క ఆ గదిలో ఏడవలేదు. బయటికొచ్చి, రోడ్డు దాటడం మర్చిపోయి ఫుట్‌పాత్ మీదే చాలాసేపు నిలబడిపోయింది. బావ చెయ్యి పట్టుకుని దాటించాడు.

అదే ఆసుపత్రిలో రోగులకు మాట నేర్పే ఒకావిడ ఉంది. ఆవిడ ఒక దారి చెప్పింది. ఆపరేషన్‌కు ముందే, గొంతు ఉండగానే, కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాము ముందు కూర్చుని అది చూపించే వాక్యాలన్నీ చదవాలి. అన్నీ పూర్తయితే ఆ గొంతును యంత్రం నేర్చుకుంటుంది. తర్వాత ఆయన ఏది టైపు చేసినా ఆయన గొంతుతోనే పలుకుతుంది. వందల వాక్యాలు. సగంలో ఆపితే కుదరదు, పూర్తయ్యేదాకా ఆ ప్రోగ్రాము ఏ ముక్కనూ బయటికి ఇవ్వదు. "ఇది చదవడం తప్ప ఇంకేమీ మాట్లాడకండి, ఉన్న గొంతును దాచుకోండి" అని కూడా చెప్పింది. అప్పట్నుంచి బావ ఇంట్లో సైగలతోనే బతుకుతున్నాడు. మిగిలిన గొంతంతా ఆ వెనక గదిలో, ఎర్ర బల్బు కింద ఖర్చు పెడుతున్నాడు. అలా ఖర్చు పెట్టిన గొంతును ఆ లాప్‌టాప్ ఒక్క రాత్రిలో మింగేసింది.

నేను వెళ్ళేసరికి బావ కుర్చీలో నిమ్మళంగా కూర్చుని ఉన్నాడు. కంగారంతా అక్కదే. లాప్‌టాప్ చూశాను. ఇలాంటివి నాకు కొత్త కాదు. లాప్‌టాప్ వాడే ప్రతి మనిషికీ లోపల ఒక గది ఉంటుంది. మన అక్షరాలు, మన ఫోటోలు, మన ఫైళ్ళు అన్నీ అందులో ఉంటాయి. ఆ గది తలుపు పాడైతే యంత్రం మనల్ని తాత్కాలికంగా ఒక ఖాళీ గదిలో కూర్చోబెట్టి, వెళ్ళగానే దాన్ని ఊడ్చేస్తుంది. గది పాడైంది, కొత్తది కట్టిస్తే సరిపోతుందనుకున్నాను. రిపేరు చేసేవాళ్ళకు ఉండే పెద్ద ఖాతా ఒకటి స్టేషన్ వాళ్ళు పెట్టెతో పాటే ఇచ్చారు. అందులోంచి బావ పేరు మీద కొత్త ఖాతా తెరిచి, గుర్తుగా అక్క ఫోటో పెట్టాను.

"ఇక నుంచి ఇదే నీ ఇల్లు బావా. పొయ్యిన వాక్యాలు పొయ్యాయి, మళ్ళీ మొదట్నుంచి చదువు," అన్నాను.

ఆయన సరేనని తలూపి, తలుపు వైపు చెయ్యి చూపించాడు. బయటికి పొమ్మని. బల్బు వెలిగింది.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. ఆమె నోరు తెరిచేలోపే నేనే "మళ్ళీనా?" అన్నాను.

మళ్ళీనే. బావ పేరు మీది ఖాతా తెరిచి చూశాను. అదే నమస్కారం, అదే కొండ, అదే సరస్సు, అదే ఖాళీ. కట్టి ఒక రోజు కాని ఇంటిని కూడా ఎవరో ఊడ్చిపెట్టి పోయారు. ఇక నాకు ఒళ్ళు మండింది. డిస్కు పోతోందేమోనని పరీక్ష పెట్టాను, రాయిలా ఉంది. వైరస్ వెతికాను, లేదు. రాత్రి వేళ దానంతట అది ఏమైనా కొత్త సరుకు ఎక్కించుకుంటోందా అని చూశాను, లేదు. మధ్యాహ్నం దాన్ని నా కొట్టుకు తీసుకెళ్ళి, పెద్ద ఖాతాలో అక్షరాలు పెంచి, రంగులు మార్చి, ఏవో ఫైళ్ళు దాచి, ఆపీ వేసీ ఆపీ వేసీ చూశాను. ఒక్కటీ పోలేదు. నా దగ్గర బుద్ధిమంతురాలు, ఆయన దగ్గరే ఆ దొంగవేషాలు.

బజారు వీధంతా ఎండలో మామూలుగా ఉంది. నాకు మాత్రం వీపు మీద చల్లగా అనిపించింది. యంత్రం పాడైతే ఎవరి దగ్గరైనా పాడవ్వాలి. మనిషిని చూసి పాడయ్యే యంత్రాన్ని నేను నా బతుకులో చూడలేదు.

అనుమానం వచ్చి, కొట్టులోంచి ఇంకో మంచి లాప్‌టాప్ కూడా పట్టుకెళ్ళాను. బావ పాత మైకు దానికి అతకదు, దాని సొంత మైకులోనే చదవాలి. ఆయన ఒక్క వాక్యం చదివి, విని, మొహం చిట్లించి దాన్ని నా వైపు నెట్టేశాడు. ఫోన్ తీసుకుని టైపు చేసి చూపించాడు. 'ఇది నా గొంతు కాదు. రేకు డబ్బా.'

"డబ్బా అయితే మాత్రమేమండీ, అసలు లేకుండా పోవడం కంటే నయం కదా!" అంది అక్క.

ఆయన ఆమె వైపు చూసిన చూపుకు నేను ఆ లాప్‌టాప్‌ను సంచిలో పెట్టేశాను. జీవితమంతా గొంతు మీద బతికిన మనిషి. ఆఖరికి మిగిలేది డబ్బా గొంతైతే దాంతో నేనేం చేసుకోనని అడుగుతున్నట్టుంది ఆ చూపు. సరే, పాతదే బాగుచేస్తాను, నా తలప్రాణం తోకకొచ్చినా సరే అనుకుని దాన్నే మళ్ళీ బల్ల మీద పెట్టి వచ్చాను.

మూడో రోజూ అంతే. నాలుగో రోజూ అంతే.

ఆ రోజుల్లో ఆ ఇంట్లోకి అడుగుపెడితే ఎవరూ గట్టిగా నడిచేవాళ్ళు కాదు. అక్క గిన్నెలు కూడా చప్పుడు కాకుండా దించేది. మూసిన తలుపు వెనకనుంచి బావ గొంతు వినిపిస్తూ ఉండేది. "తలుపు దగ్గరికి వెయ్యండి." "ఈ రోజు ఎండ ఎక్కువగా ఉంది." "నాకు ఇంకొంచెం మంచినీళ్ళు కావాలి." ఎవరో ఎవరినో ఉద్దేశించి రాసిన మాటలు. మొదటి రోజు హాలు చివరిదాకా వినిపించిన ఆ మాటలు, తర్వాత తలుపుకు చెవి ఆనిస్తే తప్ప వినిపించలేదు. అక్క అదే పనిగా తలుపు దగ్గర బియ్యం ఏరుకుంటూ కూర్చునేది. ఆ బియ్యంలో రాళ్ళు లేవని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఒక మాట అడుగుతాను, నవ్వకు," అంది ఒక మధ్యాహ్నం, చేట దించి. "మనిషి పోయే ముందు వస్తువులు ఆ మనిషిని వదిలేస్తాయంటారు, నిజమేనంటావా? ముందుగానే?"

"పోయేది గొంతక్కా, మనిషి కాదు."

"ఆయనకు రెండూ ఒకటే."

నేను ఏదో వెటకారం ఆడి ఆమెను మరిపించాలని చూశాను. అక్క మళ్ళీ చేట అందుకుంది. నాకూ భయంగానే ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు కానీ, ఆ పెట్టె మూత ఎత్తాలంటే నా వేళ్ళు వెనకాడడం మొదలైంది.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజుకు ముందు రోజు పొద్దున్న నేను పట్టుబట్టాను. "బావా, ఈ రోజు నేను లోపలే కూర్చుంటాను. దగ్గను, తుమ్మను, ఊపిరి కూడా నీ ముక్కుతోనే పీలుస్తాను. నువ్వు ఏం చేస్తావో, అది ఏం చేస్తుందో నా కళ్ళతో చూస్తే తప్ప నాకు దొరకదు."

ఆయన కుదరదని చెయ్యి ఊపాడు. అక్క వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. చేతిలో బియ్యం చేట అలాగే ఉంది. ఆయన కాసేపు బల్బు వైపు, కాసేపు ఆమె వైపు చూసి, మూలనున్న ముక్కాలి పీట నాకు చూపించాడు. ఇన్నేళ్ళలో ఎర్ర బల్బు వెలిగాక ఆయన గదిలో ఇంకో మనిషి ఉండడం అదే మొదలు.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మైకు మూతి మీది స్పాంజిని వేలితో సర్దాడు. లాప్‌టాప్ తెరిచాడు. తెర మీద రెండు ఖాతాలు కనిపించాయి. ఒకటి ఆయన పేరుతో, అక్క ఫోటోతో, నేను తెరిచింది. దాని కింద ఒక బూడిద రంగు బొమ్మ, పక్కన 'డ్యూటీ' అని పేరు. ఆయన బాణం అక్క ఫోటో మీదుగా, అసలు అక్కడ ఏమీ లేనట్టు జారిపోయి, 'డ్యూటీ' మీద నొక్కింది.

నేను నోరు తెరిచాను. ఆయన వెనక్కి చూడకుండానే వేలు పైకెత్తాడు. మైకు మీద లైటు వెలిగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇన్ని రోజులూ ఆయన నేను తెరిచిన ఖాతాలో కాలే పెట్టలేదు. పెట్టకపోతే అది ఖాళీగా, కొత్తగా కాక ఇంకెలా ఉంటుంది? ఊడ్చేసిన ఇల్లనుకున్నది అసలు ఎవరూ కాపురం పెట్టని ఇల్లు. పేరూ ఫోటో పెట్టి ఇస్తే ఎవరైనా అందులోకే పోతారు కదా. ఈయన పోలేదు. ఎందుకంటే ఆయన లెక్కలో మైకు ముందు కూర్చోవడం అంటే డ్యూటీ. ఆ కుర్చీలో మనిషికి పేరుండదు, పెళ్ళాం ఫోటో ఉండదు. సరే, చదవనీ, చదివాక దిగేలోపు ఈ డ్యూటీ ఖాతాలో ఏముందో చూసి దులిపేద్దామని పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

ఆయన అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. తెలుగు తెచ్చుకున్నాడు. ప్రోగ్రాము మొదట్నుంచి అడిగినవన్నీ మొదట్నుంచి చెప్పాడు. ప్రతి పొద్దున్నా ఇదే చేశాడని, ఒక్కనాడూ విసుక్కోలేదని అప్పుడు అర్థమైంది. తర్వాత చదవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు ఆ గొంతు ఎందుకో తేరుకుంది. బొంగురు పోలేదు కానీ, దాని అడుగున పాత మనిషి ఉన్నాడు. బయట అక్క బియ్యం చేట కదలడం ఆగిపోయింది. ఆయన వాక్యం తర్వాత వాక్యం చదువుకుంటూ పోయాడు, మధ్యమధ్య రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, దాన్ని నాకు కనిపించకుండా మడుచుకుని. మధ్యాహ్నం అయింది. భోజనానికి లేవలేదు. ఇంకా గుప్పెడు వాక్యాలే మిగిలాయి. చివర్లో మనకు నచ్చిన మాటలు చెప్పుకోవడానికి ఆ ప్రోగ్రాము కొంత చోటిస్తుంది. ఆయన అక్కను పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. "నీ కళ్ళజోడు నీ నెత్తి మీదే ఉంది," అన్నాడు. "నేను ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు," అన్నాడు. ఇంకేదో అనబోతే గొంతు పట్టేసింది. గుటక వేసి మళ్ళీ చూశాడు. రాలేదు. మిగిలినవి సాయంత్రం చదువుతానన్నట్టు నాకు చెయ్యి చూపించి, మైకు లైటు ఆర్పాడు.

ఆర్పిన చెయ్యి ఆగలేదు. అదే ఊపులో, చూడకుండా, తెర మూలకు వెళ్ళి ఖాతా మూసేసే చోట నొక్కింది.

"బావా, వద్దు!"

ముక్కాలి పీట పడిపోయింది. నేను ఆయన చేతి మీద పడేసరికి తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. బ్యాటరీ లోపల బిగించి ఉండే రకం, పీకడానికి లేదు. స్విచ్ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. మళ్ళీ తెరిస్తే, "నమస్కారం, మీ కోసం అన్నీ సిద్ధం చేస్తున్నాం" అంది.

నేను పెద్ద ఖాతాలోకి వెళ్ళి, 'డ్యూటీ' ఏ జాబితాలో ఉందో చూశాను. ఇన్ని రోజులు చూడని చోటు అదొక్కటే. 'గెస్టులు' అని ఉంది. అతిథి వచ్చి కూర్చోవచ్చు, పని చేసుకోవచ్చు. లేచి వెళ్ళగానే అతని ఆనవాలు ఒక్కటి కూడా లేకుండా యంత్రం తుడిచేస్తుంది. పెద్ద ఖాతాను అది ముట్టుకోదు, అందుకే నా కొట్టులో ఒక్కటీ పోలేదు. ఇది చెడిపోవడం కాదు. ఎవరో కావాలని, పద్ధతిగా చేసిపెట్టిన ఏర్పాటు.

"ఏ దరిద్రుడు పెట్టాడిది? రిటైరయ్యేవాడికి బహుమతి ఇస్తూ దీన్ని తీసెయ్యాలన్న ఇంగితం లేదా?" అని అరిచాను. తలుపు తోసుకుని అక్క వచ్చింది.

బావ తెర మీదికి వంగి ఆ ఒక్క మాటను చాలాసేపు చూశాడు. నాతో ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. గాలి వచ్చింది. పెదాలు కదిలాయి, మెడ నరాలు తేలాయి, గాలి మాత్రమే వచ్చింది. ఆయన గొంతు మీద చెయ్యి వేసుకుని మళ్ళీ ప్రయత్నించాడు. అక్క "వద్దండీ, వద్దండీ" అంటూ ఆయన చెయ్యి తీసేసింది. చివరికి ఫోన్ తీసుకుని టైపు చేశాడు.

'నేనే పెట్టించాను, ఇన్నాళ్ళూ గుర్తే లేదు. ఆ ముసలాయన పడ్డాక. పాత మాట ఒక్కటీ మిగలకూడదని.'

అక్క అది చదివి అక్కడే నేల మీద కూలబడింది. నేను తిట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

సాయంత్రానికి కూడా ఆ గొంతు రాలేదు. ఇక రాలేదు.

నేను లాప్‌టాప్‌ను కొట్టుకు పట్టుకెళ్ళి, చెరిగిపోయిన ఫైళ్ళను తవ్వితీసే పనిముట్లన్నీ దాని మీద ప్రయోగించాను. ఆ రకం డిస్కు తుడిచిందంటే తుడిచిందే, అడుగున మరక కూడా వదలదు. వాక్యాల్లో ఒక్కటీ దొరకలేదు. ఇక ఆపేద్దామనుకుంటుండగా, ఎవరి ఖాతాకూ చెందని ఉమ్మడి చోట కొన్ని చిన్న ముక్కలు కనిపించాయి. మైకు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ప్రోగ్రాము మొదట్లో ఏదో ఒక మాట అనమంటుంది. మైకు యంత్రానిది, మనిషిది కాదు కాబట్టి ఆ ముక్కను మాత్రం అది మనిషి గదిలో కాకుండా బయట దాచుకుంది. రోజూ అన్నీ మర్చిపోయేది కాబట్టి రోజూ అడిగింది. ఆయన రోజూ చెప్పాడు.

మొదటిదాన్ని నొక్కాను. "హలో. వినబడుతోందా?"

బస్టాండు గొంతు. మచ్చ లేదు, బొంగురు లేనట్టే ఉంది. తర్వాతి రోజుది నొక్కాను. అదే మాట, కొంచెం తగ్గింది. ఆ తర్వాతిది ఇంకొంచెం. ఒకదాని వెనక ఒకటి వింటుంటే ఒక మనిషి మెట్లు దిగి కిందికి పోతూ, ప్రతి మెట్టు మీదా ఆగి వెనక్కి తిరిగి అడుగుతున్నట్టుంది. అన్నీ వినలేకపోయాను. షట్టర్ వేసుకుని, విడిభాగాల డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చాను.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. గడ్డ మొత్తం తీసేశామని, అయినా నెలనెలా వచ్చి చూపించుకోవాలని అన్నారు. ఆ 'అయినా' తర్వాత డాక్టరు ఆగిన తీరు మా ముగ్గురికీ గుర్తుండిపోయింది. బావ మెడ మీద గుడ్డ కట్టుకుని ఇంటికొచ్చాడు. లాప్‌టాప్‌లో అందరికీ ఇచ్చే యంత్రపు గొంతు ఒకటి పెట్టాను. ఆయన టైపు చేస్తే అది పలుకుతుంది. ఎవరి ఇంటిదో తెలియని గొంతు, ప్రశ్ననూ జవాబునూ ఒకేలా చదువుతుంది. అక్క దానికి "ఊఁ" అని మాత్రం అనేది. చివరికి నేను ఆ మొదటి ముక్కను ఒక మీటకు కట్టి, బావ వేలు పట్టుకుని ఆ మీట మీద పెట్టి చూపించాను. దాన్లో ఏముందో చెప్పలేదు. ఆయన చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, నన్ను బయటికి పొమ్మని సైగ చేశాడు.

నేను వెనక వరండాలో నిలబడ్డాను. అక్క బాల్చీలోకి వంగి బట్టలు జాడిస్తోంది. కుళాయి ధార పడుతోంది.

"హలో. వినబడుతోందా?"

"ఆఁ, వినబడుతోందండీ, వస్తున్నా. ఒక్క నిమిషం ఆగలేరా, చేతులు తడిగా ఉన్నాయి," అంది అక్క తల కూడా ఎత్తకుండా, పాత విసుగుతో.

తర్వాత ఆమె చేతుల్లోని బట్ట నీళ్ళలోకి జారిపోయింది. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. నేను వెళ్ళి కుళాయి కట్టేశాను.

"హలో. వినబడుతోందా?"

అదే మాట, అదే ఊపిరి, వెంట్రుకవాసి తేడా లేదు. అక్క తడి చేతులతో చెవులు మూసుకుంది. కాసేపటికి చేతులు తీసేసింది. గది వైపు తిరిగి, వీధిలోకి వినిపించేంత గట్టిగా, "వినబడుతోంది," అంది.

ఆయన మళ్ళీ నొక్కాడు. అక్క మళ్ళీ చెప్పింది.